వెండితెరపై మెట్టసీమ

కృష్ణానది ఉత్తరపుటొడ్డున గుండ్రాళ్ళ గుట్టల నడుమ, చెఱువు నిండిన యేట వరియు, నిండని యేట జొన్నయు ఆముదమును పండించుకొని బ్రదుకు నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలు తెలుగు చలనచిత్రమునకు నటులను ఇచ్చినంత త్వరగా కథలను ఇయ్యలేదు. కోదాడ ప్రాంతమందలి గుడిబండలో 1923లో జన్మించిన కాంతారావు మద్రాసు చేరి, కత్తి పట్టిన రాకుమారుడై జానపద చిత్రములను ఏలెను, ‘లవకుశ’లో లక్ష్మణుడయ్యెను, పౌరాణికములందు వీణ చేబూని నారదుడయ్యెను. తుంగతుర్తి వాడైన ప్రభాకరరెడ్డి హైదరాబాదులో వైద్యవిద్య ముగించి, 1960లో ‘చివరకు మిగిలేది’ చిత్రముతో తెరకెక్కి, నటుడుగాను కథారచయితగాను మూడు దశాబ్దములకు పైగా పరిశ్రమలో నిలిచెను. సినీ కార్మికుల నివాసములకై ఆయన పడిన శ్రమకు హైదరాబాదులోని చిత్రపురి కాలనీ నేటికిని సాక్ష్యము. కాని యీ ఇరువురిలో ఎవ్వరును తమ ఊరి మనిషిగా, తమ ఊరి మాటతో తెరపై నిలుచు అవకాశము ఆ దినములలో దాదాపు లేకుండెను. గుడిబండ మనిషి రాజు కావచ్చును, దేవర్షి కావచ్చును. గుడిబండ రైతు మాత్రము కారాదు. ఆనాటి తెరకు తెలంగాణపు పలుకు వినబడవలెనన్న హాస్యగాని నోటనో, గూండా నోటనో మాత్రమే వినబడవలెను.

కెమెరా యీ నేలకు వచ్చుట ఆలస్యమైనది. వచ్చిన పిమ్మట అది ఏమి చూచినది, ఏమి చూడక పోయినది అనునదే నా విచారము. చిత్రవిమర్శకులకు తలకొక తూనికరాయి ఉండును. కొందరు నటనను తూతురు, కొందరు ఛాయాగ్రహణమును, మరికొందరు రాజకీయమును. ఈ సీమను గూర్చిన చిత్రములకు నేను వాడు రాయి వేఱు: ఆ చిత్రమున పని కనబడుచున్నదా? ఏలయన, ఇచ్చటి చరిత్రమంతయు ఒక విధముగా పనికిని దాని ఫలమునకును నడుమ జరిగిన వ్యాజ్యమే. వెట్టియన నేమి? చాకలి బట్టలుతుకుట, కుమ్మరి కుండలిచ్చుట, మాదిగ చెప్పులు కుట్టి మోటబొక్కెనలు బాగుచేయుట, గొల్ల గొఱ్ఱెను తోలియిచ్చుట, ఇవన్నియు కూలి లేకయే దొర నివాసమగు గడీకి చెల్లవలసియుండుట. భాగేలాయన నేమి? తండ్రి చేసిన అప్పునకు కొడుకు జీతగాడై దొర పొలమున తెల్లవార్లు పడియుండుట. ఇట్టి నేలను చిత్రించుచు దొరవారి మీసమును, కొరడాను, గడీ తలుపుల ఇత్తడి బొడిపెలను మాత్రమే చూపి, ఆ వెట్టివాడు ప్రొద్దుటినుండి మాపటివరకు ఏమి చేసెనో చూపని చిత్రము సగము కథ చెప్పి ఊరుకొన్నట్లే.

నిజాము రాజ్యమున చలనచిత్రము మొదటినుండియు ప్రభువు కనుసన్నల మెలగిన వ్యాపారము. వంగదేశీయుడైన ధీరేంద్రనాథ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి, మూకీచిత్రములు తీయుచు, ప్రదర్శనశాలలు నడపుచుండగా, ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించిన నేరమునకు రాజ్యము వీడి పోవలసి వచ్చెను. రాజధాని నగరమున, అందును ప్రభువు ఆశ్రయమున నున్నవానికే ఇట్టి గతి పట్టగా, నల్లగొండ తాలూకాలలోని రైతుల బ్రదుకును చిత్రించుటకు ఎవ్వనికి ధైర్యము చాలును? అసలు పల్లెలో పదిమంది కూడి సభ జరుపుకొనవలెనన్నను గస్తీ నిషాన్ 53 అను నిజాము ఉత్తరువు అడ్డుపడుచుండెను.

కావున ఆ దినములలో ఈ సీమకు చిత్రము లేదు, పాట యుండెను. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ పిమ్మట ఊరూర సంఘములు వెలయగా, బుఱ్ఱకథ, గొల్లసుద్దులు, యక్షగానము అనునవి వార్తాపత్రికలకు బదులుగా నిలిచినవి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులకు పాత బాణీని ఉంచి క్రొత్త సంగతిని నింపెను. పసులు కాయు పసివాని దైన్యమును గూర్చి ఆయన కట్టిన పాట ముప్పదియేండ్ల తరువాత సినిమాకెక్కినది. 1946 జులై 4న కడవెండిలో సంఘపు యువకుడు దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు కూలెను. నాడు కడవెండి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. అదే తాలూకాలో అంతకు ఆరేండ్ల ముందు బందగీ అను ముస్లిం చిన్నరైతు విసునూరు దేశముఖుతో భూమికై కచేరీలలో పోరాడి, ఆతని మనుషుల చేతులలో హతుడయ్యెను. ఆ బందగీ కథనే ఆధారముగా గొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ‘మా భూమి’ నాటకమును ప్రజానాట్యమండలి వారు ఎల్లకు ఆవల, మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలలో ఆడి ప్రజలను ఉఱ్ఱూతలూగింపగా ప్రభుత్వము దానిని నిషేధించెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదను. ఇటీవలి చిత్రమొకదానిని గూర్చి చెప్పునపుడు బందగీ పేరు మరల అక్కఱకు వచ్చును. దొరలకును నిజామునకును ఎదురుగా సాగిన రైతుల సాయుధపోరాటకాలపు దృశ్యములు మనకు మిగిలినవన్న, అవి సునీల్ జానా వంటి ఛాయాచిత్రకారుల స్థిరచిత్రములే. తుపాకి పట్టి వరుసగా నిలిచిన రైతుల మొగములు అందు కదలక మనవైపే చూచుచుండును.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చెను. వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరములు దానమీయగా భూదానోద్యమము పుట్టినది. అదే యేటి అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడినది. ఇంతటి చరిత్ర అయిదేండ్లలో నడచిన నేలకు కథాచిత్రపు కెమెరా రావలెనన్న మరి ఇరువదియేండ్లకు పైగా పట్టెను. వచ్చినదియు తెలుగు పరిశ్రమనుండి కాదు. అల్వాలులో పెరిగిన శ్యామ్ బెనెగల్ హిందీలో ‘నిశాంత్’ తీయుటకు పోచంపల్లికి వచ్చెను. 1975లో విడుదలయిన యీ చిత్రమునకు విజయ్ తెండూల్కరు కథను కూర్చెను. కాలము 1945, స్థలము తెలంగాణములోని ఒక పల్లె. భూస్వామి తమ్ములు ఊరికి క్రొత్తగా వచ్చిన బడిపంతులు భార్యను ఎత్తుకొనిపోవుదురు. పంతులు తిరుగని కచేరీ లేదు, మొక్కని అధికారి లేడు. తుదకు పూజారితో కలిసి ఊరిని మేల్కొల్పును. మేల్కొన్న ఊరు గడీమీద పడి దోషిని, నిర్దోషిని వేఱుచేయక నరికివేయును. ఆ భార్యయు ఆ వెల్లువలోనే కొట్టుకొనిపోవును. ఈ ముగింపును గూర్చి ఎంత పొగడినను తక్కువే. ప్రజాగ్రహమును పూజింపక, దూషింపక, అది ఎట్లుండునో అట్లే చూపిన ధైర్యము నాటి చిత్రములలో అరుదు. గిరీష్ కర్నాడు, షబానా ఆజ్మీ, అమ్రీష్ పురీ, స్మితా పాటిల్, అప్పుడే తెరకు పరిచయమైన నసీరుద్దీన్ షా, ఇందఱు ఒక్కచోట చేరిన చిత్రము అది. 1976లో కాన్ చిత్రోత్సవపు పోటీలోను నిలిచినది. అయినను నా తూనికరాయికి అది కొంత తేలిపోవును. ఆ ఊరివారు కోపించుట మనము చూతుము. పంట పండించుట అంతగా చూడము. వారు చెరపట్టబడిన స్త్రీ కొఱకు లేచిరే కాని, చెరపట్టబడిన భూమి కొఱకు లేవరైరి. నల్లగొండలో జరిగినది రెండవది.

బెనెగలునకు ఆ లోటు తెలియకపోలేదని నా నమ్మకము. భువనగిరిలో ‘మండీ’ తీసి, ఆ తరువాత 1987లో మరల పోచంపల్లికే వచ్చి ‘సుస్మన్’ తీసెను. ఈ మాఱు గడీ లేదు, మగ్గము కలదు. పోచంపల్లి చీర ఎట్లు పుట్టునో ఎఱుగనివారికి ఒక మాట చెప్పవలెను. ఇచ్చట బట్ట నేసిన పిదప అచ్చువేయరు. నూలు నూలుగా ఉన్నపుడే, ఏ పోగు ఏ చోట ఏ రంగు కావలెనో లెక్కగట్టి, రంగంటరాని చోట సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, మరల ముంచి, ఆపై పడుగును పేకను మగ్గమెక్కింతురు. నేయునపుడు పోగు వెండ్రుకవాసి జరిగినను పూవు చెదరును. చీరాలనుండి ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున ఈ సీమకు వచ్చిన విద్య యిది. పుట్టపాక, కొయ్యలగూడెము వంటి ఊళ్ళకు ప్రాకి జిల్లాకే పేరు తెచ్చినది. ‘సుస్మన్’లో రాములు అను నేతగానిగా ఓంపురీ నటించుటకు ముందు మగ్గముపై కూర్చుండి పని నేర్చుకొనెను, ఆ సంగతి తెరపై ఆతని మోచేతులే చెప్పును. విదేశపు ప్రదర్శనకై పట్టుచీరలు నేయ నియుక్తుడైన యీ పనివాడు, తన కూతురి పెండ్లిచీరకై ఆ పట్టునూలులో కొంత దాచుకొని దొంగయన్న నిందను మోయును. ప్రపంచము కొనియాడు వస్త్రమును నేయువాడు తన బిడ్డకు అట్టి వస్త్రమును కట్టలేని వైపరీత్యమును ఇంత నెమ్మదిగా చెప్పిన చిత్రమును నేను మరియొకటి చూడలేదు. చేనేత సహకార సంఘముల ధనముతో తీసినది కావున, సంఘములను గూర్చి ఉపన్యసించు ఘట్టములు కొన్ని చొరబడి కథను నిలిపివేయును. అది దోషమే. ఆ దోషముతో కూడ ‘నిశాంత్’ కంటె ఈ చిత్రమునే ఈ నేలకు దగ్గఱి చిత్రముగా నేను లెక్కింతును.

‘మా భూమి’ సంగతి వేఱు. 1979 నాటి యీ చిత్రము నిషేధింపబడిన నాటకమునుండి పేరును మాత్రమే గ్రహించెను. కథ కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ నుండి వచ్చినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్; దర్శకుడు, తెలుగెఱుగని వంగీయుడు, కథాచిత్రమునకు క్రొత్తవాడు అయిన గౌతమ్ ఘోష్; నాయకపాత్రధారి సాయిచంద్, రచయిత గోపీచందు కుమారుడు. ఉర్దూ నవల, వంగ దర్శకుడు, కృష్ణాతీరపు వంశమునకు చెందిన నటుడు: ఇన్ని దిక్కుల వారు కూడి తీసిన చిత్రము అంతవరకు వచ్చిన తెలుగుచిత్రములలోకెల్ల ఎక్కువ తెలంగాణపుదగుట విచిత్రమే. దానికి కారణము వారు పాటను నమ్ముకొనుట. బండి యాదగిరి పోరాటకాలమున కట్టిన పాటను గద్దరు గొంగడి కప్పుకొని తానే తెరపైకి వచ్చి పాడెను; సుద్దాల హనుమంతు పాట ఒక స్త్రీకంఠమున, వాద్యఘోష లేకుండ, పొలముల మీదుగా సాగిపోవును. రైతుకొడుకు రామయ్య ఊరు విడిచి పట్టణము చేరి, కార్మికుల నడుమ చదువు నేర్చి, తిరిగివచ్చి సంఘము కట్టును. భారత సైన్యము వచ్చిన పిమ్మట, పాఱిపోయిన దొర ఖద్దరు ధరించి ఊరేగింపుగా మరల గ్రామప్రవేశము చేయు దృశ్యము ఒక్కటి చాలును, ఈ చిత్రమును చరిత్రగ్రంథముల ప్రక్కన నిలుపుటకు. హైదరాబాదులో అది ఉదయపుటాటలుగా నెలల తరబడి ఆడెను. పెద్ద తారలు లేని చిత్రమునకు అంతకు మించిన గౌరవము లేదు. కొన్ని పాత్రలు మనుషులుగా కాక నినాదములుగా మాటలాడుట, పట్టణపు ఘట్టము తొందరపడుట అను లోపములు లేకపోలేదు. అయినను దుక్కి, కోత, కుప్ప, కొలత అను వరుసలో ధాన్యము ఎవరి చేతినుండి ఎవరి గాదెకు పోవుచున్నదో అందు స్పష్టముగా కనబడును.

నరసింగరావు తానే దర్శకుడై 1988లో తీసిన ‘దాసి’ ఇంకను లోతునకు పోయినది. పెండ్లికూతురితోపాటు అరణముగా గడీకి పంపబడు ఆడబాప అను ఆచారము తెలంగాణమున ఎఱుగనివారు లేరు. ఎఱిగియు చెప్పినవారు తక్కువ. కమలాక్షి అను అట్టి దాసి బ్రదుకును ఈ చిత్రము కేకలు లేక, కన్నీటి ఉపన్యాసములు లేక చూపును. ఆమె నీరు తోడును, నేల తుడుచును, దొరసాని తలదువ్వును, రాత్రి దొర పిలిచిన పోవును. ఈ నాలుగు పనులును ఒక్క తీరుగనే, ఒక్క వేగమునే జరిగిపోవుటలో నున్నది ఆ చిత్రపు భయానకత్వమంతయు. గర్భము ధరించిన నాడు ఆ గర్భము కూడ ఆమెది కాకపోవును. ఆ యేటి జాతీయ పురస్కారములలో అయిదు దీనికి లభించినవి: ఉత్తమ తెలుగుచిత్రము, ఉత్తమనటిగా అర్చన, ఛాయాగ్రహణమునకు అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వమునకు చిత్రకారుడు తోట వైకుంఠము, దుస్తులకు పిట్టంపల్లి సుదర్శన్. ఈ చివరి పేరువద్ద కొంచెము నిలువవలెను. సుదర్శన్ మిర్యాలగూడెము వాడు, చిత్రకారుడు. ఒక దాసి ఎట్టి ముతకచీరను ఎంతవరకు చెక్కికట్టునో, ఎన్ని ఉతుకులకు ఆ రంగు ఏమగునో, దొరసాని పాతచీర దాసి మేనికి చేరుసరికి ఎన్నేండ్లు గడచియుండునో, ఇవి గ్రంథములలో దొరకు సంగతులు కావు. పల్లెలో కన్ను తెఱచి పెరిగినవానికి మాత్రమే తెలియును. బ్రదికినన్నాళ్ళు ఆయనను జనము ‘దాసి సుదర్శన్’ అనియే పిలిచిరి. 2024లో ఆయన కాలధర్మము చెందినపుడు పత్రికలు కూడ ఆ పేరుతోనే వ్రాసినవి.

అదే నరసింగరావు 1987లో తీసిన ‘మా ఊరు’ అను డాక్యుమెంటరీని కథాచిత్రముల సందడిలో మనవారు మరచుచున్నారు. వ్యాఖ్యానముతో చెవులు చిల్లులు పొడవక, తెలంగాణపు పల్లెను ప్రొద్దుపొడుపునుండి పనులద్వారా, ఆటలద్వారా, పండుగలద్వారా చూపిన యీ చిన్నచిత్రమునకు దేశమునందును విదేశమునందును గౌరవము లభించినది. ఇది నల్లగొండది కాదు, పాలమూరనబడు మహబూబ్‌నగరుది కాదు. అయినను ఈ సీమవారికి పరాయిదిగా తోచదు. సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజులను ప్రక్కకు నెట్టి, జనుల తిండిని, బట్టను, ఆటపాటలను పేర్కొనుచు చరిత్ర వ్రాసినట్లు, కెమెరాతో వ్రాసిన అధ్యాయమిది. ఆ ప్రతాపరెడ్డిగారు పాలమూరు బిడ్డయే.

పాలమూరు మాటకు వచ్చితిమి కావున నిష్ఠురముగనే చెప్పవలెను: ఈ జిల్లాకు తెర అన్యాయము చేసినది. గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానముల వైభవము కలదు. 1947లో అప్పంపల్లిలో నిజాము పోలీసుల కాల్పులకు బలియైన రైతుల కథ కలదు. శ్రీశైలపు జలాశయమున మునిగిన ఊళ్ళు కలవు. గద్వాల, నారాయణపేట మగ్గములు కలవు. వీనిలో ఏ ఒక్కదానికిని ‘మా భూమి’కి సాటి యగు చిత్రము రాలేదు. అన్నిటికంటె వింతయైన లోపము వలసకూలీది. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను, అచ్చట పాలమూరు లేబరు ఉండునని పేరు. గుంపుమేస్త్రీ పండుగనాళ్ళలో ఊరికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టును. దంపతులు జోడుగా కట్టుబడియై, పసిపిల్లలను వెంటబెట్టుకొని, ముసలివారిని ఇంటికాపుగా వదలి లారీ ఎక్కుదురు. వానలు మొదలగుసరికి తిరిగివచ్చి చూచుకొన్న అడ్వాన్సు తీరదు. నరసింగరావు 1990 నాటి ‘మట్టిమనుషులు’ ఇట్టి కూలిదంపతుల కథ. పల్లెనుండి హైదరాబాదు చేరి, ఎవరి మేడలనో కట్టుచు, తామే చెదరిపోయిన జంట అందు కనబడును. తట్ట మోయు ఆడుదాని మెడ ఎట్లు నిలుచునో, పరంజిపై అడుగు ఎట్లు పడునో అందు చూడవచ్చును. జిల్లా పేరు చెప్పకున్నను పాలమూరువారు చూచి తమదిగా పోల్చుకొనదగిన చిత్రమిదొక్కటే యని నా అభిప్రాయము.

పాలమూరును చూపలేకపోయిన తెర, పాలమూరు గొంతును మాత్రము అప్పుడప్పుడు వినిపించినది. తెలకపల్లి దగ్గఱి గౌరారమున పుట్టిన గోరటి వెంకన్న పల్లెల క్షయమును గూర్చి వ్రాసిన పాట ‘కుబుసం’ చిత్రముద్వారా ఇంటింటికి చేరెను. సినిమా కథను నేడు చెప్పగలవారు తక్కువ. పాటను పాడలేనివారు తక్కువ. విమర్శకుడనుగా నాకిది సంతోషమును కాదు, సంతాపమును కాదు. పాట ఎదుట చిత్రము చిన్నబోవుట యీ సీమలో రివాజుగా వచ్చుచున్నది.

విమర్శకుడే కెమెరా పట్టిన సందర్భము ఒకటి కలదు. అదియు ఈ సీమకు సంబంధించినదే. చిత్రవిమర్శకు జాతీయ పురస్కారము పొందిన కె.ఎన్.టి. శాస్త్రి, ఇతరుల చిత్రములను తూచుటతో తృప్తిపడక, తానే చిత్రములు తీసెను. 1999 నుండి 2001 వరకు దేవరకొండ ప్రాంతపు లంబాడీ తండాలలో ఆడశిశువులు దత్తత పేరిట చేతులు మారుచున్నారను వార్తలు వెలువడి దేశమును కలచివేసినవి. లంబాడీల నడుమ జరుగుచున్న యీ శిశువిక్రయమును గూర్చి శాస్త్రి ‘హార్వెస్టింగ్ బేబీ గర్ల్స్’ అను డాక్యుమెంటరీని తీసెను. తల్లిని దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకొనుట సులభము. మూడవ ఆడపిల్ల పుట్టిన తండాయింట వరకట్నమను క్రొత్త ఆచారము ఎట్లు ప్రవేశించెను, గుట్టవాలున నున్న చారెడు చెలక ఎందఱిని పోషించును, దళారి ఏ వేళకు వచ్చును అను ప్రశ్నలు వేయుట కష్టము. ఇట్టి విషయమును ముట్టినవాడు ఆ కష్టమును తప్పించుకొనరాదు. ఆ తరువాత ఆయనే నందితా దాస్‌ను నాయికగా గొని ‘కమ్లి’ తీసెను. ప్రసూతి ఆసుపత్రిలో తన మగశిశువు మాయమై ఆడశిశువు ఒడికి వచ్చిన లంబాడీ కూలిస్త్రీ కథ అది. కథాచిత్రముగా ‘కమ్లి’కి పేరును పురస్కారమును వచ్చినవి. నటి ప్రతిభను కాదనను. అయినను పేరుపొందిన మొగము తెరపై నున్నంతసేపు మన కన్ను నటనను చూచును, తండాను మరచును. ఈ విషయమునకు డాక్యుమెంటరీయే తగిన రూపము.

డాక్యుమెంటరీకిని తన పాపములు కలవు. నల్లగొండ పేరు చెప్పగనే దూరదర్శనములవారికి, స్వచ్ఛందసంస్థలవారికి, విదేశపు విలేఖరులకు తోచునది ఫ్లోరైడు. మఱ్ఱిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతములందు బోరునీరు త్రాగి ఎముకలు వంగిన మనుషులను ఎన్ని కెమెరాలు చూచినవో లెక్క లేదు. వంకరకాళ్ళవాడు కష్టపడి కెమెరావైపు నడచివచ్చును; వెనుక విషాదవాద్యము మ్రోగును; తుదకు ఒక గణాంకము. ఆ నీరు భూగర్భమున అట్లేల మారెను, కృష్ణ ప్రక్కనుండియే పారుచుండగా ఈ ఊళ్ళకేల రాదయ్యెను, పటిక సున్నములతో నీటిని శుద్ధిచేయు పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని యీ జిల్లా పేరే పెట్టియు జిల్లాకు ఒరిగినదేమి, అని అడిగిన చిత్రములు స్వల్పము. రోగిని చూపినవారు కోపమును చూపలేదు. ఆ కోపము సామాన్యమైనది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపున, నీటికై నిరసన తెలుపుటకు, నల్లగొండ స్థానమున నామినేషనులు వెల్లువెత్తి తుదకు 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచిరి. బ్యాలెటు పత్రము పుస్తకమయ్యెను. ఆ తరువాత దేశమంతట ధరావతు సొమ్మును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. నీళ్ళడిగిన జిల్లాకు నీళ్ళకంటె ముందు చట్టము వచ్చినది. ఇంత హాస్యమును, ఇంత ఆగ్రహమును ఒక్కచోట కలిగిన ఇతివృత్తమును విడిచి కెమెరా వంగిన మోకాళ్ళవద్దనే కూర్చుండుట దర్శకుల దారిద్ర్యమే.

ఇక ఇటీవలి చిత్రములు. రాష్ట్రము ఏర్పడిన పిదప తెలంగాణపు పలుకు తెరపై హాస్యగాని చెఱనుండి విడుదలయైనది. నాయకుడును, నాయికయు, ఇప్పుడు ఆ పలుకే పలుకుచున్నారు. ఇది చిన్న మార్పు కాదు. కాని పలుకు మారినంతమాత్రమున చూపు మారదు. 2019 నాటి ‘దొరసాని’లో గడీ ఒక ప్రేమకథకు అందమైన కిటికీయై నిలిచినది, కిటికీలోని మొగము వెలిగినంతగా వాకిట ఊడ్చుచున్నవాని మొగము వెలుగదు. 2024 మార్చిలో విడుదలయైన ‘రజాకార్’ మాట కొంత విపులముగా చెప్పవలెను. నిజాము పక్షమున నిలిచిన సాయుధదళమగు రజాకార్లు చేసిన అత్యాచారములు కల్పన కావు. వానిని మరవుడని చెప్పు హక్కు ఎవ్వరికిని లేదు. చిత్రపు లోపము జరిగినదానిని చూపుటలో లేదు, చూపిన తీరులో నున్నది. హింస వెంట హింసను పేర్చుటచే మూడవ దహనమునాటికే ప్రేక్షకుని మనస్సు మొద్దుబాఱును. పల్లెజనులకు చచ్చుట తప్ప వేఱు పని లేకపోవును. భూమి, ధాన్యపు లెవీ, వెట్టి, గడీ అనునవి మంటల వెనుక మసకబాఱి, మిగులునది రెండు మతముల పోరు. విసునూరు దొర మనుషులచే చంపబడిన బందగీ ఏ పక్షమువాడు? రజాకార్లచే 1948 ఆగస్టులో హత్య చేయబడిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఏ పక్షమువాడు? నిషేధింపబడిన 1947 నాటి నాటకము మొదటి ప్రశ్నకు వెరవక సమాధానము చెప్పినది. డెబ్బదియేడేండ్ల పిమ్మట, కోట్ల వ్యయముతో, కంప్యూటరు మాయలతో తీసిన చిత్రమునకు అంతటి స్పష్టత లేకపోయినది. ఆ పోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలను సేకరించి స్త్రీశక్తి సంఘటన వారు 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఈ చిత్రముల రచయితలు చదివిరో లేదో, అందలి స్త్రీలు తుపాకిని గూర్చి ఎంత చెప్పిరో, డేరాలలో వంటను, బిడ్డను వదలివచ్చిన వేదనను గూర్చి అంత చెప్పిరి.

ఈ వెలితిని కొంతవరకు తీర్చిన ఇటీవలి చిత్రము ‘మల్లేశం’. ఆలేరు దగ్గఱి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసుయంత్రమును కనిపెట్టిన కథ యిది. రాజ్ దర్శకుడు, ప్రియదర్శి నాయకుడు, విడుదల 2019 జూన్ 21. పోచంపల్లి చీరకు రంగుకట్టుటకు ముందు, అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును నూలును ముందునకు వెనుకకు పోయవలెను. దానినే ఆసుపోయుట యందురు. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిదివేల మాఱులు ఆడవలెను. దినమునకు రెండు చీరలకు పోసిన ఆడుదాని భుజము ఏమగునో ఊహించుకొనవచ్చును. ఈ పని ఇంటి ఆడువారిది. మగ్గముపై కూర్చున్న మగవానికి పేరు, ఆసు ముందు కూర్చున్న తల్లికి నొప్పి. తల్లి భుజపునొప్పిని చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన బాలుడు, పెద్దవాడై, అప్పులుచేసి, ఊరివారి నవ్వులకు గురియై, పట్టణములో కూలికి కుదిరి, 1999 నాటికి ఆ చేతికదలికను యంత్రమునకు నేర్పెను. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో పద్మశ్రీ పొందెను.

ఈ చిత్రమున ఝాన్సీ తల్లిగా ఆసుపోయుచుండగా కెమెరా ఆమె మొగమునొద్ద ఎంతసేపుండునో భుజమునొద్దను అంతసేపుండును. సంభాషణలు పెద్దింటి అశోక్‌కుమార్ వ్రాసినవి. ఊరివారు మాటలాడునపుడు రచయిత వినబడడు. అప్పులవాడు దుర్మార్గుడు కాడు, ఊరు శత్రువు కాదు. పేదరికముననే అందఱును కొంచెము కొంచెము కఠినులైరి. లోపము లేదా యన్న, కలదు. యంత్రపు చిక్కు ఏమిటో, ఏ కదలిక ఎందువలన ఆగిపోవుచున్నదో చిత్రము మనకు తగినంతగా విప్పి చెప్పదు. ఇన్నిమాఱులు విఫలుడైన మనిషి ప్రతిమాఱును ఏమి నేర్చుకొనెనో తెలియక, ఆతని పట్టుదలను మాత్రమే మనము మెచ్చుకొనవలసివచ్చును. పని తెలిసిన నేతగాండ్రు ఈ చిత్రమును చూచునపుడు ఆ చోటనే కొంచెము ముందునకు వంగి, ఇంకను దగ్గఱగా చూపిన బాగుండునని అనుకొని యుందురు. ఆ తరువాతి ఘట్టమున యంత్రము తిరుగగనే సంగీతము పెద్దదగును. ఆసు చప్పుడు వినబడదు.